జనవరిలో ఔలీ వెళ్తున్నారా? పొద్దున నందాదేవి మీద ఎండ కోసం కాచుకోకండి

ప్రశ్న: మాది తిరుపతి. జనవరి చివరి వారంలో ఇంట్లోవాళ్ళతో ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్తున్నాం. మంచు తుఫాను వెలిసిన మర్నాడు నందాదేవి మీద పొద్దుటి బంగారు ఎండ తీయాలని ఆశ. నా దగ్గర క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరా, 18-55, 55-250 ఎంఎం లెన్సులు, ఒక చిన్న ట్రైపాడ్ ఉన్నాయి. మొన్న తుఫాను తగ్గాక పదకొండు గంటలప్పుడు అలిపిరిలో మన కొండ తీస్తే ఫొటోలన్నీ చప్పగా, బూడిదరంగులో వచ్చాయి. అక్కడ మంచులో కూడా ఇలాగే అవుతుందేమోనని టెన్షన్. సెట్టింగ్స్ ఎలా పెట్టాలి? పెద్ద లెన్స్ కొనాలా?

జవాబు:

సెట్టింగ్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ప్లానులోనే ఒక చిక్కుంది. జనవరి చివర్లో ఔలీ నుంచి చూస్తే సూర్యుడు పైకొచ్చేది దాదాపు నందాదేవి వెనక నుంచే. నందాదేవి ఔలీకి ఆగ్నేయంగా, తిన్నగా కొలిస్తే సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చలికాలంలో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు, దక్షిణానికి జరిగి అదే ఆగ్నేయంలో లేస్తాడు. కాబట్టి పొద్దున్నే చలిలో వణుకుతూ నిలబడితే మీకు కనిపించేది నల్లటి కొండ ఆకారం, దాని అంచున సన్నటి వెలుగు. అదీ అందంగానే ఉంటుంది. కానీ మీరు మనసులో పెట్టుకున్న బంగారు కొండ అది కాదు.

ఆ బంగారం సాయంత్రం దొరుకుతుంది. పడమరకు కాస్త దక్షిణంగా దిగే సూర్యుడు నందాదేవి మొహం మీదికి పక్కవాటుగా ఎండ పంపిస్తాడు. కొండకు ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ పడి గండ్లూ గట్లూ విడివిడిగా తేలతాయి. ఆ రోజుల్లో అక్కడ పొద్దు గుంకేది ఐదూ ముప్పావు ప్రాంతంలో. మీరు నిలబడిన చోట ఎండ అంతకన్నా ముందే పోతుంది. 7,816 మీటర్ల శిఖరం మీద మాత్రం ఆ తర్వాత కూడా కాసేపు నిలుస్తుంది. కింద చీకటి పడుతోందని ట్రైపాడ్ మడిచేసి టీ కొట్టుకు పోయేవాళ్ళను చాలామందిని చూశాను. అసలు ఎరుపు వచ్చేది అప్పుడే.

మరి పొద్దున ఏం తీయాలి? నందాదేవికి వీపు పెట్టి వాయవ్యం వైపు తిరగండి. నీలకంఠ శిఖరం (6,596 మీటర్లు) అటే ఉంటుంది, ఉదయపు ఎండ దాదాపు ఎదురుగా దాని మీదే పడుతుంది. ఈశాన్యంలో ఉన్న హాథీ పర్బత్‌కు (6,727 మీటర్లు) పక్క ఎండ తగులుతుంది. ద్రోణగిరి మాత్రం ఔలీకి తూర్పున ఉంది కాబట్టి దానిదీ నందాదేవి కథే, సాయంత్రమే తీయాలి.

మనం ఊరిని శిఖరం పేరు చూసి ఎంచుకుంటాం గానీ, ఎండ ఎటు నుంచి వస్తుందో చూసి ఎంచుకోం. ఉత్తరాఖండ్‌లోనే ఉన్న మున్సియారి సంగతే చూడండి. పంచచూలి శిఖరాలు ఆ ఊరికి తూర్పు, ఈశాన్యం వైపు వరుసగా ఉంటాయి. అందుకే అక్కడ సాయంకాలానికే పేరు. అక్కడిదే ఇంకో ఊరు కౌసాని నుంచి త్రిశూల్ శిఖరం దాదాపు ఉత్తరాన ఉంటుంది కాబట్టి చలికాలంలో రెండు పూటలా ఎండ తగులుతుంది. తొలిసారి వెళ్ళేవాళ్ళు, అందులోనూ ఇంట్లోవాళ్ళతో వెళ్ళేవాళ్ళు అడిగితే నేను కౌసానికే ఓటేస్తాను. 1,890 మీటర్ల ఎత్తే కాబట్టి తల తిరగదు, రోజుకు రెండు అవకాశాలు. మీరు ఔలీకే వెళ్తున్నారు కాబట్టి ఆ మాట వదిలేద్దాం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2023 జనవరిలో ఔలీ కింద ఉన్న జోషిమఠ్ ఊళ్ళో నేల కుంగినప్పుడు ఔలీ రోప్‌వే ఆపేశారు. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకుండా, పైకి ఎలా వెళ్ళాలో మీరు బస చేసే చోటికి ఫోన్ చేసి ముందే కనుక్కోండి.

సూర్యుడు ఏ రోజు ఏ దిక్కున లేస్తాడో చూపించే యాప్‌లు ఉన్నాయి. ఫొటోపిల్స్ లాంటివి డబ్బు పెట్టి కొనాలి, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. మ్యాప్‌లో మీరు నిలబడే చోటు మీద వేలు పెట్టి తేదీ మారిస్తే గీత కదులుతుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని పది నిమిషాల్లో చేసుకునే పని ఇది.

ఇక అలిపిరి ఫొటోల దగ్గరికి వద్దాం. అక్కడ మీ కెమెరా తప్పేం లేదు. తిరుపతి ఊరు కొండకు దక్షిణాన ఉంది, అంటే ఊళ్ళోంచి మనకు కనిపించే ఆ ఎర్రటి రాతి గోడ దక్షిణం చూస్తోంది. అది క్వార్ట్‌జైట్ రాయి. ఏటవాలు ఎండ తగిలితే కుంకుమ రంగుకు తిరుగుతుంది, ఎండ లేకపోతే మట్టిరంగు గోడే. మే, జూన్ నెలల్లో సూర్యుడు ఈశాన్యం వైపు లేస్తాడు కాబట్టి పొద్దున ఆ గోడంతా నీడలో ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీద నుంచి పడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, రోజంతా గోడకు ఎండ తగులుతూనే ఉంటుంది. మన కొండకు కూడా చలికాలమే సీజన్ అన్నమాట. పైగా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు మనకు వచ్చేదీ అప్పుడే.

మీరు వెళ్ళింది సరైన నెలలోనే, సరైన గంటకు కాదు. పదకొండు గంటలకు ఇంకా మబ్బు కమ్మి ఉంటే ఎండంతా ఆ మబ్బులో వడగట్టి అన్ని వైపుల నుంచీ సమానంగా దిగుతుంది. నీడలు ఉండవు. నీడ లేకపోతే కొండకు లోతు ఉండదు, ఏ కెమెరాతో తీసినా అట్టముక్క మీద రంగు వేసినట్టే వస్తుంది. పైగా అలిపిరి కొండకు మరీ దగ్గర. అక్కడ లెన్స్‌ను వెడల్పుగా చూపే 18 దగ్గర పెట్టి తీస్తే కొండ వెనక్కి పోయి, ముందున్న రోడ్డూ కరెంటు తీగలూ బస్సులూ పెద్దవవుతాయి. వెనక్కి రండి. పేరూరు బండ మీద వకుళమాత గుడి దగ్గర నిలబడి 55-250 లెన్స్ తగిలించి చూడండి, అదే కొండ ఎంత ఎత్తుగా లేస్తుందో. యూనివర్సిటీ వైపు నుంచి కూడా బాగుంటుంది. ఒక్క జాగ్రత్త. భుజాన పొడుగు సంచీ వేసుకుని తెల్లవారుజామున అడవి అంచుల్లో తిరక్కండి. ఎర్రచందనం వాళ్ళనుకుని అటవీ శాఖవాళ్ళు ఆపితే సంజాయిషీ చెప్పుకునేసరికి ఎండ కాస్తా పోతుంది. చిరుతలు తిరిగే చోటు కూడా. కొండ మీద డ్రోన్ నిషేధం, ఆ ఆలోచనే వద్దు.

అసలు తుఫాను తర్వాత ఎప్పుడు తీయాలి? మీరు "వెలిసిన మర్నాడు" అన్నారు. నా లెక్కలో మర్నాటికి సగం అయిపోయినట్టే. మంచి ఫొటోలు తెరిపి ఇస్తున్న గంటల్లో ఉంటాయి, మబ్బు పూర్తిగా పోకముందు, చీలుతూ ఉన్నప్పుడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా, ఆ వారం మనకూ ముసురు పట్టింది. అలాంటి ముసురు విడిచేటప్పుడు కొండ నడుము చుట్టూ మబ్బు తెగలు తెగలుగా వేలాడుతుంది. రాతి గోడ మీద ఎక్కడెక్కడో కొత్త జలపాతాలు తెల్లటి గీతల్లా దిగుతుంటాయి. మాల్వాడి గుండం వైపు చూస్తే తెలుస్తుంది. మబ్బులో ఎక్కడో ఒక కన్నం పడి కొండలో ఒక్క ముక్క మీదే ఎండ దిగుతుంది. అర నిమిషం ఉంటుంది, పక్కకు జరుగుతుంది. మర్నాడు పొద్దున ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంటుంది, అందరూ బయటికి వస్తారు, అందరికీ ఒకటే ఫొటో. (కపిలతీర్థం దగ్గర నీళ్ళు దూకుతున్నప్పుడు మాత్రం దూరం నుంచే తీయండి. 2021 నవంబరు వరదలో ఆ నీళ్ళు ఎలా విరుచుకుపడ్డాయో తిరుపతివాళ్ళకు చెప్పక్కర్లేదు.)

హిమాలయాల్లో జరిగేదీ ఇదే, కారణం మాత్రం వేరు. అక్కడ చలికాలపు మంచు బంగాళాఖాతం నుంచి రాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు (పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు) తెస్తాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకదాని వెనక ఒకటి వస్తూ పోతూ ఉంటాయి. ఒకటి దాటిపోగానే వాయవ్యం నుంచి పొడి గాలి తగులుకుంటుంది. దుమ్మూ పొగా మంచుతో పాటే కిందికి దిగిపోయి ఉంటాయి కాబట్టి 40 కిలోమీటర్ల దూరం కొండ కూడా చేతికందేటట్టు కనిపిస్తుంది. వాతావరణ శాఖ ఈ డిస్టర్బెన్స్‌ల గురించి ముందుగానే చెబుతుంది. మీ ప్రయాణంలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. రోజుకో ఊరు అని ప్యాకేజీ మాట్లాడుకుంటే తెరిపి వచ్చేసరికి మీరు ఇంకో లోయలో ఉంటారు.

తాజా మంచు ఎంతసేపు ఉంటుందో ఒకసారి చూస్తేగానీ నమ్మలేం. రాత్రంతా కురిసి తెల్లారేసరికి ప్రతి దేవదారు కొమ్మ మీదా జానెడు మంచు పేరుకుని, కొమ్మలు బరువుకు కిందికి వంగి ఉంటాయి. ఎండ తగిలిన కాసేపటికి పై కొమ్మ నుంచి ఒక ముద్ద జారుతుంది. అది కింది కొమ్మ మీద పడి దాని మంచునూ దులుపుతుంది, అలా చెట్టు మొత్తం పొడి రాలుతూ కిందిదాకా వస్తుంది. బరువు తగ్గిన కొమ్మ ఒక్క ఊపుతో పైకి లేచి ఆకుపచ్చగా బయటపడుతుంది. తొమ్మిదీ పదీ అయ్యేసరికి అడవిలో సగం చెట్లు ఇలా విదిలించుకుని మామూలు చెట్లయిపోతాయి. సూర్యుడికి ఎదురుగా నిలబడి, ఆ పొడి రాలుతున్నప్పుడు, వెనక నీడలో ఉన్న చీకటి లోయ వచ్చేలా తీయండి. పొడి వెలిగిపోతుంది. శిఖరాల మీద గాలికి ఎగిరే మంచు కూడా అంతే, సూర్యుడు వెనక ఉంటేనే కనిపిస్తుంది. పొద్దున నందాదేవి వైపు చూడటానికి ఇదొక్కటే మంచి కారణం. ఆ అంచు మీద మంచు పొగలా లేస్తుంటే బంగారు కొండ కన్నా నాకు అదే ఇష్టం.

ఒక మంచి సంగతి ఏమిటంటే, చలికాలంలో అక్కడ మధ్యాహ్నం కూడా పూర్తిగా దండగ కాదు. డిసెంబరు నెలాఖరుకు తిరుపతిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 53 డిగ్రీల ఎత్తులో ఉంటే ఔలీలో 36 డిగ్రీలే. మన దగ్గర తొమ్మిదిన్నర గంటల ఎండ ఎంత వాలుగా ఉంటుందో అక్కడ నడిమధ్యాహ్నం ఎండ దాదాపు అంత వాలుగా ఉంటుంది. మంచు మీద అలల్లాంటి గీతలకు నీడ పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఎక్స్‌పోజర్. మీ భయం సగం నిజమే. కెమెరా మీటర్ లోకమంతా మధ్యస్థమైన బూడిదరంగులో ఉంటుందనుకుని లెక్క కడుతుంది. ఫ్రేమ్ నిండా ఎండ పడ్డ మంచు పెడితే "అబ్బో ఎంత వెలుగు" అనుకుని తగ్గించేస్తుంది, తెల్లటి మంచు బూడిదరంగులోకి దిగిపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను మనం పెంచి తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచమంటారు. ఇది ఎవరిని అడిగినా చెబుతారు.

కానీ మంచు అంటే ప్లస్ అని బట్టీ పట్టకండి. సాయంత్రం శిఖరం కొన మాత్రమే ఎర్రగా వెలుగుతూ, మిగతా ఫ్రేమంతా నీడలో ఉన్న అడవీ లోయా అయినప్పుడు మీటర్ ఉల్టాగా మోసం చేస్తుంది. చీకటి ఎక్కువుందని మొత్తం వెలుగు పెంచేస్తుంది, మీరు ఎదురుచూసిన ఆ ఎర్రటి కొన కాస్తా తెల్లగా మాడిపోతుంది. అక్కడ మైనస్ 1 పెట్టాలి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. ఈ రెండు సందర్భాల్లోనూ ఉన్నది మంచే, దిద్దుబాటు మాత్రం ఎదురెదురు. ఫ్రేమ్‌లో వెలుగు ఎంత భాగం, చీకటి ఎంత భాగం అని చూసుకోవడమే అసలు పని.

దానికి హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, చూడటం అలవాటు చేసుకోండి. ఆ ఎండలో వెనక స్క్రీన్ మీద ఫొటో చూసి ఏదీ చెప్పలేం. ఆ గ్రాఫులో మంచు తాలూకు గుట్ట కుడివైపు అంచుకు దగ్గరగా రావాలి, అంచును గుద్దుకోకూడదు. మాడిన చోట్లు మినుకు మినుకుమనే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసుకోండి. సూర్యబింబం, మంచు మీద చుక్కల్లాంటి తళుకులు మినుకుమంటే పట్టించుకోనక్కర్లేదు. ఒక వాలు మొత్తం మినుకుమంటుంటే మాత్రం ఎక్స్‌పోజర్ మూడో వంతు స్టాప్ (కాంపెన్సేషన్‌లో ఒక అంకె అంటే ఒక స్టాప్) తగ్గించి మళ్ళీ తీయండి. ఎర్రటి సాయంకాలాల్లో మామూలు తెల్ల హిస్టోగ్రామ్ సరిపోదు, రంగులు విడివిడిగా చూపేది పెట్టుకోండి. అప్పుడు ముందుగా మాడేది ఎరుపే. తెల్ల గుట్ట నిక్షేపంగా ఉన్నట్టు చూపిస్తున్నా ఎరుపు గుట్ట కుడి అంచుకు తగిలి ఉండొచ్చు.

ఫైలు మాత్రం రా (RAW, సెన్సార్ పట్టిన వివరమంతా దాచే ఫైలు) లోనే తీయండి, జేపెగ్ ఒక్కటే వద్దు. ఎండ పడ్డ మంచుకూ నీడలో ఉన్న దేవదారుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. మంచును కాపాడుకుంటే నీడను తర్వాత లేపొచ్చు. మాడిన మంచులో గీత కూడా మిగలదు.

మొదలుపెట్టడానికి ఒక లెక్క చెబుతాను. తెల్లారాక నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్స్ కంత కొలత), షట్టర్ 1/500 నుంచి 1/800 సెకను. అక్కడి నుంచి హిస్టోగ్రామ్ చూసి సర్దుకోండి. లెన్స్ కంతను ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూసేయకండి. మీ సెన్సార్ మీద ఎఫ్/11 దాటితే బొమ్మ మెత్తబడుతుంది.

రంగుల విషయంలో మీరు ఆటో వైట్ బ్యాలెన్స్ మీద ఆధారపడొద్దు. సాయంత్రం ఎరుపు చూసి అది "ఎక్కువైంది" అని చల్లార్చేస్తుంది. డేలైట్ గుర్తు మీద, అంటే 5,200-5,500 కెల్విన్ దగ్గర బిగించేయండి. నీడలో మంచు నీలంగా వస్తే భయపడకండి. అక్కడికి ఎండ తగలదు, నీలి ఆకాశపు వెలుగే తగులుతుంది, నీలంగా ఉండటమే సహజం. ఎర్రటి ఎండ పక్కన ఆ నీలం ఉంటేనే చలి తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ నీలాన్ని పూర్తిగా తుడిచేసి మంచుని ఉతికిన పంచెలా చేసేవాళ్ళున్నారు, నాకు నచ్చదు.

పోలరైజర్ ఫిల్టర్ ఉంటే అది తిరుపతిలోనే ఎక్కువ పనికొస్తుంది. వాన తడికి ఆకులూ రాళ్ళూ తళతళా మెరుస్తుంటే ఆ మెరుపు తీసేసి అసలు రంగు చూపిస్తుంది. పైన మూడు వేల మీటర్ల దగ్గర ఆకాశం అసలే ముదురు నీలం. పోలరైజర్ తిప్పితే నల్లబడుతుంది, 18 దగ్గర తీస్తే ఒక మూల నల్లగా ఒక మూల లేతగా మచ్చ పడుతుంది కూడా. లెన్స్ హుడ్ మాత్రం తప్పనిసరి. కింది మంచు నుంచి కూడా వెలుగు ఎగజిమ్ముతుంది.

ఫోకస్ ఆటోలోనే పెట్టుకోండి, కానీ మబ్బు మీదో ఖాళీ మంచు వాలు మీదో కాకుండా రాయీ మంచూ కలిసే గీత మీద పెట్టండి. వెలుగు తగ్గాక లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, బొమ్మను పెద్దది చేసి చేత్తో తిప్పుకోవడం మేలు. లెన్స్‌ను చివరిదాకా తిప్పేస్తే అనంతం వస్తుందనుకోవద్దు, చాలా లెన్సులు దాన్ని దాటి ఇంకా కొంచెం తిరుగుతాయి. చిన్న ట్రైపాడ్ అన్నారు. దాని కాళ్ళు తాజా మంచులో మెల్లగా దిగుతూనే ఉంటాయి. అందుకే ముందే గట్టి నేల తగిలేదాకా నొక్కి పెట్టండి, నడిమి కాడ పైకి లేపకండి. రెండు సెకన్ల టైమర్ వాడండి. గాలి ఎక్కువగా ఉంటే ట్రైపాడ్ మానేసి చేత్తో 1/500 దగ్గర తీయడమే నయం.

చలి గురించి రెండు మాటలు. లిథియం బ్యాటరీ చలికి నీరసపడుతుంది. సగం ఉన్న బ్యాటరీ అయిపోయినట్టు చూపిస్తుంది, లోపలి జేబులో పెట్టి వెచ్చబెడితే మళ్ళీ కొంత లేస్తుంది. రెండోదాన్ని ఒంటికి ఆనుకుని ఉండే జేబులో ఉంచి మార్చి మార్చి వాడండి. లెన్స్ మీద మంచు పొడి పడితే నోటితో ఊదకండి, ఊపిరి అక్కడే గడ్డకడుతుంది. గాలి బుడ్డి (బ్లోయర్) వాడండి.

అన్నిటికన్నా ఎక్కువగా కెమెరాను పాడుచేసేది గదిలోకి వచ్చినప్పుడు పట్టే తేమ. మనకు ఇది తిరగేసి అలవాటు. ఏసీ గదిలోంచి తిరుపతి ఎండలోకి కెమెరా తేగానే అద్దం మీద ఆవిరి పడుతుంది చూడండి, అదే. అక్కడ బయట చలిలో ఉన్న కెమెరాను హీటరున్న గదిలోకి తెస్తే లోపలా బయటా తడి పట్టేస్తుంది. బయటే ఉండగా మెమొరీ కార్డు తీసి జేబులో వేసుకోండి, కెమెరాను గట్టిగా మూతపడే ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచిలో సర్ది, సంచి జిప్పు వేసి, అప్పుడు లోపలికి రండి. రెండు మూడు గంటలు తెరవకండి. ఇంట్లోవాళ్ళు "ఫొటోలు చూపించు" అని తొందరపెడతారు, అందుకే కార్డు ముందే తీయమన్నది.

ఇంట్లోవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. కొత్త మంచు పడిన తర్వాత ఒకటి రెండు రోజులు, అంటే సరిగ్గా ఫొటోలకు బాగుండే ఆ సమయంలోనే, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ. 30 నుంచి 45 డిగ్రీల వాలులు ప్రమాదం. ఎండ తగిలి వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ చలికాలంలో ఈ హెచ్చరికలు ఇస్తుంది, అవి చూసుకోండి. ఫొటో బాగా వస్తుందని దారి వదిలి వాలు మీదికీ, వాలు కిందికీ వెళ్ళకండి. మీకు 55-250 ఉన్నదే దూరం నుంచి తీయడానికి. ఒక రాత్రి జోషిమఠ్‌లో ఆగి పైకి వెళ్ళండి. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఎవరికైనా అలా అయితే ఫొటోలు మానేసి కిందికి దిగాలి, మాత్ర వేసుకుని ఇంకా పైకి పోకూడదు. నల్ల కళ్ళద్దాలు అందరికీ తీసుకోండి. ఎండలోని యూవీ కిరణాల్లో 80 శాతం దాకా తాజా మంచు వెనక్కి కొడుతుంది. రోజంతా వట్టి కళ్ళతో తిరిగితే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతాయి.

మీ తేదీలు పౌర్ణమికి దగ్గరగా పడితే రాత్రి ఒకసారి బయటికి రండి. నిండు చంద్రుడి వెన్నెల్లో ఐఎస్ఓ 1600, ఎఫ్/4, 15 సెకన్లు.  నీలి రాత్రిలో తెల్ల శిఖరాలు, చుక్కలతో సహా వస్తాయి. 55 దగ్గర పెడితే 15 సెకన్లకే చుక్కలు గీతలవుతాయి, వెడల్పుగా 18 దగ్గరే తీయండి.

ఇక లెన్స్. కొనకండి. మీ సెన్సార్ మీద 250 దగ్గర పెడితే 40 కిలోమీటర్ల దూరంలో ఫ్రేమ్ అడ్డంగా నాలుగు కిలోమీటర్ల లోపే పడుతుంది. నందాదేవి శిఖరం ఫ్రేమ్ నిండా వస్తుంది, అంతకన్నా పెద్దది పెట్టినా ఆ దూరంలో గాలి అదురుకు బొమ్మ మెరుగవ్వదు. ఆ డబ్బుతో ఒక బ్యాటరీ కొనండి. వేలి కొన మడిచి బయటపెట్టుకునే చేతి తొడుగులు కూడా తీసుకోండి. మామూలు ఉన్ని తొడుగులతో డయల్ తిప్పలేరు, తీసేస్తే లోహపు ట్రైపాడ్ పట్టుకోలేరు. తిరుపతిలో ఇలాంటివి వెతుక్కుంటూ తిరగడం దండగ, ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. లేదా రిషికేశ్‌లో దిగినప్పుడు బజారులో చేతికి వేసుకుని, కెమెరా పట్టుకుని చూసి మరీ కొనుక్కోండి.